ఏ వైపు నీడ

ఆటోనగర్‌లో మూడో క్రాస్ రోడ్డు.
పొద్దున్న పదిన్నరకే రేకులన్నీ కాగిన పెనాలు.
మా బండి పాత స్కూలు వ్యాను.
పసుపు మీద తెల్లరంగు రెండు కోట్లు వేయించినా
ఎండ ఏటవాలుగా పడితే
"పిల్లలున్నారు, జాగ్రత్త" అన్న అక్షరాలు
ఇంకా పైకి తేలతాయి.

లోపల మంచం అయింది, స్టవ్వు గూడు అయింది,
సింకు కింద ఇరవై లీటర్ల డబ్బా అయింది.
మిగిలింది పక్కకి వాల్చుకునే పందిరి.
"తలుపు ఉన్న పక్కే" అంది రాహేలు.
"ఎండ ఎటుందో చూసి బండి నిలుపుకోవాలి" అన్నాను.
ఇరవై ఆరేళ్లు గుంటూరు బస్సులో టిక్కెట్లు కొట్టినదాన్ని.
వారధి దాటేటప్పుడు ఏ సీటు మీద ఎండ పడుతుందో
టైం చెబితే చెప్పగలను.
జనం ఎక్కీ ఎక్కగానే అడిగేవాళ్లు:
అమ్మా, నీడ ఏ వైపు?
చెప్పేదాన్ని.
నేను మాత్రం మధ్యలో నిలబడి,
ఏ వైపూ కాకుండా.

నాగుల్ మీరా కొట్లో గుడ్డలన్నీ చుట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి,
పెళ్లికొచ్చి, కూర్చోమనే దిక్కులేని చుట్టాల్లా.
ముందు ఫోనులో బొమ్మ చూపించాడు,
హ్యాండిల్ తిప్పితే తెరుచుకునేది, మళ్లీ తిప్పితే ముడుచుకునేది.
ధర చెప్పాడు.
రాహేలు నా మొహం చూసింది. నేను ఫ్యాను వంక చూశాను.
"అది వద్దులెండి, మన గాలికి చెయ్యి విరుచుకుంటుంది" అని
తనే మమ్మల్ని గట్టెక్కించాడు.

నీలం టార్పాలిన్ చవక.
కింద చెయ్యి పెట్టి చూశాను.
ఎవరిదో చెయ్యి, నీళ్లలోంచి తీసినట్టుంది.
దాని కింద నేను అన్నం తినలేను.
ఆకుపచ్చ నెట్టు, నర్సరీ మొక్కలకి సరే;
వానని ఆపమంటే వడగట్టి పంపిస్తుంది.
మిర్చి యార్డు నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ పట్టా
విప్పీ విప్పగానే ముగ్గురం తుమ్మాం.
పక్క షెడ్డులో వెల్డరు కూడా తుమ్మాడు.
"రేటు తగ్గిస్తా" అన్నాడు మీరా, కళ్లు తుడుచుకుంటూ.

రాహేలుకి నచ్చింది షామియానా గుడ్డ, ఎర్రపూలది.
"రోజూ ఎవరిదో పెళ్లనుకుంటారే."
"అనుకోనీ" అంది.
పెళ్లి మాటకి తన జవాబు ఎప్పుడూ అంత పొడవే.

చివరికి ఖాకీ కాన్వాసు. ముతక. బరువు. మైనం వాసన.
కింద పెడితే చెయ్యి చెయ్యిలాగే ఉంది,
కాకపోతే డ్యూటీ దిగినట్టు.

"ఎంత పొడవు?"
"ఇద్దరమే. రెండు కుర్చీలు. ఆరడుగులు చాలు."
రెండు కర్రలు ఆన్చి, బండికి గుడ్డ కట్టి,
ఆరు దగ్గర సుద్దతో గీత గీసి తల ఎత్తాడో లేదో
వాన.
బెజవాడ వాన, చెప్పి రాదు.
వెల్డరు కుర్రాడు, టీ ఫ్లాస్కు మనిషి,
గేరుబాక్సు మోస్తున్న ఇద్దరు, చెవి తెగిన ఓ కుక్క,
అందరూ మా ఆరడుగుల కిందే.
నోటికి పాత మాట వచ్చేసింది:
"ముందుకు జరగండి, ముందుకి! లోపలంతా ఖాళీయే!"
జరిగారు.
నా సర్వీసులో ఎన్నడూ ఒక్కసారికే జరగలేదు ఎవరూ.
గుడ్డ నడుమ నీళ్లు పొట్టలా దిగితే
మీరా చీపురు కర్రతో పైకి పొడిచాడు.
అన్నీ రాహేలు వీపు మీద.
"వాలు చాల్లేదు" అన్నాడు, తప్పు వాలుదే అన్నట్టు.

వెలిసింది. స్టాపు వచ్చినట్టు దిగి
ఎవరి దారిన వాళ్లు. కుక్క దిగలేదు.
సుద్దగీత కొట్టుకుపోయింది.
"మళ్లీ కొలుస్తా. ఆరే కదా?"

రాహేలు కొంగు పిండుకుని, ఏమీ అనకుండా
టేపు కొస పట్టుకుని వెనక్కి నడుస్తోంది.
ఏడు. ఏడున్నర.
ఎనిమిది దగ్గర గుంటలో కాలు పడింది, ఆగలేదు.
హోల్డాన్ అనాల్సింది నేను.
నాలిక మీద దాకా వచ్చింది కూడా.

"అడుక్కి మూడొందల నలభై, ముందే చెబుతున్నా"
అన్నాడు మీరా.